రోహిణి కార్తెను దృష్టిలో పెట్టుకుని బిగించిన నా మొదటి కంప్యూటర్

తిరుపతిలో సొంతంగా కంప్యూటర్ బిగించుకోదలచినవారు విదేశీ సమీక్షల్లోని ఉష్ణోగ్రతల పట్టికలను చదివేటప్పుడు ఒక కూడిక చేసుకోవాలి. ఆ పరీక్షలు ఎక్కువగా 20 నుంచి 25 డిగ్రీలుండే గదుల్లో జరుగుతాయి. మన ఊళ్ళో కత్తిరి ఎండలు మొదలైనప్పటినుంచి రోళ్ళు పగిలే రోహిణి కార్తె ముగిసేదాకా, ఏసీ లేని మేడమీది గదిలో మధ్యాహ్నం 36 డిగ్రీలుండటం వింత కాదు. ప్రాసెసర్‌ను చల్లబరిచే సాధనం లోహపు రేకులు, ఫ్యాన్ ఉన్న మామూలు హీట్‌సింక్ అయినా, ద్రవంతో పనిచేసే ఖరీదైన కూలర్ అయినా, గది గాలికంటే చల్లగా దేనినీ ఉంచలేదు. అది చేయగలిగిందల్లా వేడిని ఒక చోటినుంచి మరో చోటికి చేరవేయడమే. అందువల్ల అక్కడ 75 డిగ్రీలని రాసి ఉంటే, ఇక్కడ 86 అని చదువుకోవడం మంచిది.

నా కంప్యూటర్ వీడియో ఎడిటింగ్ కోసం, కొంత త్రీడీ పని కోసం కట్టింది. అందులో ఉన్నది ఏఎండీ రైజెన్ 7 7700ఎక్స్ ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 4070 గ్రాఫిక్స్ కార్డు. ప్రాసెసర్‌ను 105 వాట్లదని అమ్ముతారు గానీ, పూర్తి భారం మీద అది 142 వాట్లదాకా తీసుకోవచ్చు. గ్రాఫిక్స్ కార్డు మరో 200 వాట్లు. మిగతా భాగాలతో కలిపితే, రెండూ ఒకేసారి పనిచేసే వేళ క్యాబినెట్ లోపల 370 వాట్ల వేడి పుడుతుందనుకోవచ్చు.

ఈ వేడిని బయటికి పంపడానికి ఎంత గాలి కావాలో కాగితం మీదే లెక్క కట్టవచ్చు. వేసవి గాలి ఒక లీటరు ఒక డిగ్రీ వేడెక్కడానికి సుమారు 1.1 జౌళ్ళ శక్తి చాలు, ఒక వాటు అంటే సెకనుకు ఒక జౌలు. లోపలికి వచ్చిన గాలి పది డిగ్రీలకు మించి వేడెక్కకుండా బయటికి పోవాలంటే సెకనుకు దాదాపు 33 లీటర్లు, అంటే నిమిషానికి 70 ఘనపుటడుగుల గాలి పారాలి. 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ డబ్బా మీద నిమిషానికి 50, 60 ఘనపుటడుగులని అచ్చువేసి ఉంటుంది కాబట్టి రెండు ఫ్యాన్లు చాలుననిపిస్తుంది. కానీ ఆ సంఖ్య ఎదుట ఏ అడ్డూ లేనప్పుడు, పూర్తి వేగంలో కొలిచినది. దుమ్ము ఫిల్టరు, జాలీ, ద్రవ కూలర్‌లో వేడిని గాలిలోకి వదిలే రేడియేటరు రేకులు అడ్డొస్తే అందులో చాలా భాగం పోతుంది, పైగా పూర్తి వేగంలో తిరిగే ఫ్యాన్ పక్కన కూర్చుని ఎవరూ ఆడియో సరిచేయలేరు. అందుకే నేను ఎక్కువ ఫ్యాన్లు పెట్టి వాటిని నెమ్మదిగా తిప్పే పద్ధతినే ఎంచుకున్నాను.

అమరిక ఇది. ముందువైపు మూడు 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు గాలిని లోపలికి లాగుతాయి. పైకప్పుకు నా ద్రవ కూలర్ తాలూకు 240 మిల్లీమీటర్ల రేడియేటరును బిగించి, దాని రెండు ఫ్యాన్లు గాలిని పైకి నెట్టేటట్టు పెట్టాను. వెనుక ఒక ఫ్యాన్ గాలిని బయటికి పంపుతుంది. వీధి తలుపు, పెరటి తలుపు ఎదురెదురుగా ఉన్న పాత ఇళ్ళలో గాలి ఎలా సాగిపోయేదో ఇక్కడా అలాగే సాగాలి. పక్క పలక మీదో, అడుగునో మరో ఫ్యాన్ చేర్చి ఆ దారికి అడ్డం కల్పించడం నాకు అనవసరమనిపించింది. పవర్ సప్లైకి అడుగున సొంత దారి ఉంది కనుక దానిని ఈ లెక్కలో చేర్చలేదు.

లోపలికి లాగేవి మూడు, బయటికి పంపేవి మూడు కదా, సమానమే కదా అని ఎవరైనా అడగవచ్చు. పైనున్న రెండూ రేడియేటరు గుండా గాలిని నెట్టాలి కాబట్టి వాటి బలం తగ్గుతుంది. వెనుకదానిని నేను ఉద్దేశపూర్వకంగా నెమ్మదిగా తిప్పుతున్నాను. దీనివల్ల లోపలి ఒత్తిడి బయటికంటే కాస్త ఎక్కువగా ఉండి, గాలి సందుల్లోంచి బయటికే పోతుంది తప్ప లోపలికి రాదు. రేణిగుంట రోడ్డు వైపు నివసించేవారికి ఇది ఎంత ముఖ్యమో చెప్పనక్కరలేదు. ఒత్తిడి తలకిందులైతే ఫిల్టరు లేని ప్రతి కంతలోంచీ దుమ్ము లోపలికి చేరుతుంది.

రేడియేటరును ముందువైపు పెట్టడమా, పైన పెట్టడమా అన్నది అసలైన మీమాంస. ముందు పెడితే దానికి గది గాలి నేరుగా అందుతుంది, ప్రాసెసర్ కొన్ని డిగ్రీలు చల్లగా ఉంటుంది. అయితే ఆ వేడెక్కిన గాలినే గ్రాఫిక్స్ కార్డు పీల్చుకోవాలి. నా పనిలో ఎక్కువ వేడిని పుట్టించేది గ్రాఫిక్స్ కార్డే కనుక దానికి చల్లని గాలి వదిలిపెట్టి, ప్రాసెసర్ వేడిని పైనుంచి నేరుగా బయటికి పంపడమే న్యాయమనుకున్నాను. పైన పెట్టడంలో మరో మేలు కూడా ఉంది. ఫ్యాక్టరీలోనే ద్రవం నింపి మూసిన ఇలాంటి కూలర్లలో పంపు సాధారణంగా ప్రాసెసర్ మీది దిమ్మెలోనే ఉంటుంది. గొట్టాల గోడల గుండా ద్రవం ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా ఇంకిపోయి లోపల గాలి బుడగ పెరుగుతుంది. ఆ బుడగ ఎప్పుడూ అన్నింటికంటే ఎత్తైన చోటికి చేరుతుంది. అది రేడియేటరు పైభాగమైతే నష్టం లేదు, పంపు అయితే శబ్దం వస్తుంది, పంపు ఆయుష్షు తగ్గుతుంది. రేడియేటరును క్యాబినెట్ అడుగున పెట్టకూడదనడానికి కారణం ఇదే.

పైన బిగించేముందు కొలత తప్పనిసరి. రేడియేటరు మందం సాధారణంగా 27 మిల్లీమీటర్లు, ఫ్యాన్ 25. రెండూ కలిసి 52. రంగు దీపాలున్న ఎత్తైన ర్యామ్ కొంటే అక్కడే తగులుకుంటుంది. నేను పొట్టి ర్యామ్ తీసుకున్నాను.

ఇదంతా చూసి మా నాయన అడిగిన మొదటి ప్రశ్న, "కరెంటు పెట్టెలో నీళ్ళేందిరా?" అని. సమంజసమైన ప్రశ్నే. నీరు వేడిని మోయడంలో గాలికి అందనంత ఎత్తులో ఉంది: లీటరు నీటిని ఒక డిగ్రీ వేడిచేయడానికి సుమారు 4,180 జౌళ్ళు కావాలి. పని మొదలైన కొన్ని నిమిషాలదాకా ఆ ద్రవమే వేడిని దాచుకుంటుంది గనుక ఫ్యాన్లు వెంటనే గోల చేయనవసరం లేదు. అయితే అందులో ఉన్నది ఒట్టి నీరు కాదు. ప్రాసెసర్‌ను తాకే అడుగు పలక రాగిది, రేడియేటరు తరచుగా అల్యూమినియంది. ఈ రెండు లోహాలూ ఒకే నీటిలో ఉంటే తుప్పు మొదలవుతుంది కాబట్టి దానిని ఆపే రసాయనాలు, గ్లైకాల్ కలుపుతారు. సొంతంగా గొట్టాలు కట్టుకునే రకం కూలింగ్ జోలికి వెళ్ళేవారు మన ఊరి బోరు నీళ్ళు మాత్రం పోయకూడదు. ఆ ఉప్పు సన్నని కాలువల్లో పేరుకుపోతుంది.

ఇంతకీ ద్రవం అవసరమా అంటే, 65 వాట్ల ప్రాసెసర్‌కు అవసరం లేదనే చెబుతాను. మంచి హీట్‌సింక్ చాలు, లీకు భయం ఉండదు, పంపు చెడిపోయే ప్రమాదమూ ఉండదు. 7700ఎక్స్ విషయంలోనూ పెద్ద రేడియేటరు అద్భుతాలు చేయదు. వేడి పుట్టే సిలికాన్ ముక్క చాలా చిన్నది. అక్కడినుంచి పై మూత దాకా వేడి రావడానికే ఆలస్యమవుతుంది, ఆ తరువాతి దారి ఎంత వెడల్పుగా ఉన్నా ఒక హద్దు దాటి లాభం ఉండదు. ఎండాకాలంలో పూర్తి భారం మీద అది 95 డిగ్రీల హద్దును తాకి తన వేగం తానే తగ్గించుకుంటుంది. ఏఎండీ ఆ హద్దును ముందే నిర్ణయించింది కాబట్టి భయపడనక్కరలేదు. కానీ బయాస్‌లో, అంటే కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరవగల మదర్‌బోర్డు సెట్టింగుల్లో, 65 వాట్ల ఎకో మోడ్ (శక్తి ఆదా పద్ధతి) పెడితే ప్రాసెసర్ తీసుకునే గరిష్ఠ శక్తి 142 నుంచి 88 వాట్లకు దిగుతుంది. వీడియో రెండరింగ్‌లో నాకు తేడా పెద్దగా తెలియలేదు, ఉష్ణోగ్రతలో మాత్రం బాగా తెలిసింది. మే నెలలో నేను ఇలాగే నడుపుతాను. ఏ కూలర్ కొన్నా దీనికి సాటి రాదని నా అభిప్రాయం.

బిగింపులో గమనించవలసినవి కొన్ని ఉన్నాయి. ఫ్యాన్‌లో గాలి బయటికి వచ్చేది మోటారును పట్టుకున్న కమ్మీలున్న వైపునుంచి. అనుమానముంటే వెలిగించిన అగరుబత్తి పట్టుకుంటే పొగే దారి చూపుతుంది. పంపు తీగను మదర్‌బోర్డు మీద పంపు కోసం కేటాయించిన చోట పెట్టి పూర్తి వేగంలోనే ఉంచాలి. రేడియేటరు ఫ్యాన్లను ప్రాసెసర్ ఫ్యాన్ చోట కలపాలి, అక్కడ ఏదీ లేకపోతే చాలా మదర్‌బోర్డులు ఫ్యాన్ లేదని మొదలుకావు. ఆ ఫ్యాన్ల వేగం ప్రాసెసర్ ఉష్ణోగ్రతలోని ప్రతి చిన్న ఎగుడుదిగుడునూ వెంబడించకుండా బయాస్‌లో కొన్ని సెకన్ల జాప్యం పెట్టుకుంటే చెవికి హాయిగా ఉంటుంది.

బజారులో దొరికే కంప్యూటర్ బల్లల్లో క్యాబినెట్ పెట్టడానికి తలుపున్న అర ఒకటి ఉంటుంది. దానిలో పెడితే వదిలిన వేడి గాలినే మళ్ళీ పీల్చుకుంటుంది. పడమటి గోడకు ఆనించడం కూడా మంచిది కాదు, సాయంత్రానికి ఆ గోడే కాలుతుంటుంది. గదిలో నీళ్ళ కూలర్ ఉంటే దాని తడి గాలి నేరుగా క్యాబినెట్ మీదికి కొట్టకుండా చూసుకోవాలి, లేకపోతే దుమ్ము ఫిల్టరుకు బంకలా అంటుకుంటుంది.

వేసవిలో ముందువైపు ఫిల్టరును తరచుగా తీసి కడిగి, పూర్తిగా ఆరాక పెడుతున్నాను. రేడియేటరు రేకుల మధ్య దుమ్మును బ్లోయరుతో ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కలను వేలితో పట్టుకోవాలి. వదిలేస్తే అవి మితిమీరిన వేగంతో తిరిగి బేరింగును దెబ్బతీయవచ్చు.