రేటు పెరిగితే పైపు కోస్తున్నారు

2022 మార్చి 22 నుంచి ఢిల్లీ లెక్కన రోజుకి 80 పైసలు, మళ్ళీ 80 పైసలు అంటూ పెట్రోల్ పెంచుకుంటూ పోయారు గుర్తుందా, ఐదు రాష్ట్రాల ఎన్నికలైపోయేదాకా నెలల తరబడి కదలకుండా ఉన్న రేటు ఒక్కసారి పరుగందుకుంది. ఏప్రిల్ మొదటి వారానికల్లా హైదరాబాద్‌లో లీటర్ 119 రూపాయల 49 పైసలు, డీజిల్ 105 రూపాయల 49 పైసలు. సరిగ్గా ఆ టైంలోనే మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్‌లో గుడ్ మార్నింగ్ మెసేజ్‌లు పోయి పెట్రోల్ దొంగతనం మెసేజ్‌లు మొదలయ్యాయి. రాత్రి ఫుల్ ట్యాంక్ పెట్టి పడుకున్నాను పొద్దున కిక్ కొడితే స్టార్ట్ అవ్వట్లేదు అని ఒకాయన, నా బండి కింద అంతా పెట్రోల్ కారి ఉంది ఎవడైనా బీడీ పడేస్తే ఏంటి పరిస్థితి అని ఇంకో ఆవిడ.

రేటు పెరగ్గానే మంచోడు దొంగైపోతాడంటే నేను నమ్మను. పెట్రోల్ 60 ఉన్నప్పుడు కూడా బండ్లలోంచి తీసేవాళ్ళున్నారు. కాకపోతే అప్పుడు రెండు లీటర్లు తీస్తే 120 రూపాయలు, 119 అయ్యాక అదే పైపు అదే బాటిల్ అదే రిస్కు, చేతికొచ్చేది డబుల్. పైగా సెల్‌ఫోన్ కొట్టేస్తే అమ్ముకోడానికి ఎవడో ఒకడు కావాలి, దొరికితే ఐఎంఈఐ నెంబర్ పట్టిచ్చేస్తుంది, పెట్రోల్‌కి ఆ గొడవే లేదు. సొంత ట్యాంక్‌లో పోసేసుకుంటే అయిపోయింది, అది ఎవరిదో ఏ పోలీసూ చెప్పలేడు.

ఎలా తీస్తారో మా సందు చివర మెకానిక్ చూపించాడు. పాత స్ప్లెండర్ లాంటి బండ్లకి ట్యాంక్ కింద ట్యాప్ ఉంటుంది కదా, దాన్నుంచి కార్బొరేటర్‌కి వెళ్ళే రబ్బరు పైపుకి చిన్న క్లిప్, ఆ క్లిప్ వేళ్ళతో నొక్కి పైపు లాగేసి కింద కూల్‌డ్రింక్ బాటిల్ పెట్టి నాబ్ రిజర్వ్‌కి తిప్పితే చాలు, ట్యాంక్ మూతకి తాళం ఉండి ఏం లాభం. కాస్త పద్ధతున్న దొంగైతే పైపు మళ్ళీ తగిలించి పోతాడంట. అసలు సమస్య 2020 ఏప్రిల్ తర్వాత కొత్త పొగ నిబంధనలతో వచ్చిన బీఎస్ సిక్స్ బండ్లతో. వాటిలో చాలావాటికి ఫ్యూయల్ ఇంజెక్షన్, పంపు ట్యాంక్ లోపలే ఉంటుంది, తాళం ఆన్ చేస్తేనే పెట్రోల్ తోస్తుంది. చీకట్లో వచ్చినోడికి అది తెలీదు, పైపు లాగుతాడు రాదు, ఇంకాస్త గట్టిగా లాగుతాడు ప్లాస్టిక్ కనెక్టర్ పుటుక్కుమంటుంది, ఆ కోపంలో బ్లేడుతో పైపు కోసేసి ఓ సారి ప్లగ్ వైరు కూడా పీకేసి పోతాడు. మా పైఫ్లోర్ వాళ్ళ బండికి ఇదే జరిగింది. దొంగకి దక్కింది గ్లాసుడు కూడా ఉండదు, వీళ్ళకి పైపు కనెక్టర్ లేబర్ కలిపి వెయ్యి దాటింది, ఆఫీసుకి ఆటో ఖర్చు వేరే.

ఇక అనుమానం ఎవరి మీద పడింది? వాచ్‌మన్ మీద. ఆయనకున్నది సైకిల్. అయినా సరే గ్రూప్‌లో ఒకరు "ఇన్‌సైడర్ హెల్ప్ లేకుండా జరగదు" అని పెట్టారు, దానికి నలుగురు థంబ్సప్ కొట్టారు, ఆయన భార్యని రెండిళ్ళలో పని మాన్పించారు. తర్వాత సీసీ కెమెరా పెడితే దొరికింది పక్క వీధిలో ఉండే డిగ్రీ కుర్రాడు, వాళ్ళ నాన్న వచ్చి సెక్రటరీ గారి చేతులు పట్టుకుని డబ్బు కట్టి తీసుకెళ్ళాడు. వాచ్‌మన్‌కి సారీ చెప్పినోళ్ళు లేరు, ఆ రెండిళ్ళ వాళ్ళు మళ్ళీ పనికి పిలిచారు, అంతే.

పోలీస్ స్టేషన్‌కి ఎవరూ వెళ్ళలేదు. వెళ్ళినా పెద్దగా ఏం అయ్యేది కాదు అనుకుంటా. ఇప్పుడైతే ఐపీసీ బదులు 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 303 సెక్షన్ చూడండి, ఐదు వేల లోపు విలువున్న వస్తువు, దొంగకి అది మొదటిసారి, తిరిగిచ్చేశాడు అంటే శిక్ష సమాజ సేవ. అలాంటి కేసులో మేజిస్ట్రేట్ ఆర్డర్ లేకుండా పోలీసులు దర్యాప్తు మొదలుపెట్టడానికి కూడా లేదు. నాకైతే ఇది మంచి మార్పే అనిపించింది, రెండు లీటర్ల పెట్రోల్‌కి ఓ కుర్రాణ్ణి జైలుకి పంపి ఏం బాగుపడతాం. కానీ ఇలాంటివి లెక్కల్లోకి ఎక్కవు, కాబట్టి రేటు పెరిగితే దొంగతనాలు పెరిగాయా లేదా అని పోలీసు రికార్డులు చూసి తేల్చేద్దామంటే కుదరదు.

లారీల సంగతి ఇంకో లెవెల్. విజయవాడలో మా బాబాయికి రెండు లారీలున్నాయి. ఆంధ్రలో డీజిల్ మీద వ్యాట్ కాకుండా లీటర్‌కి 4 రూపాయలు అదనం, రోడ్డు సెస్ ఇంకో రూపాయి, అందుకే బెంగళూరు నుంచి వచ్చే బండి బోర్డర్ దాటకముందే కర్ణాటకలో ఫుల్ ట్యాంక్ కొట్టించుకుంటుంది. ఆ సంగతి దొంగలకీ తెలుసు. డ్రైవర్ దాబా దగ్గర పడుకుని లేచేసరికి మూత విరగ్గొట్టి ఉంటుంది, వందేసి లీటర్లు పోతాయి. బాబాయి మాత్రం "దొంగలు తీశారో వీడే రోడ్డు పక్క గుడిసెలో అమ్మాడో ఎవడు చూశాడ్రా" అంటాడు, ఆ డబ్బు డ్రైవర్ బత్తాలో, అంటే రోజు ఖర్చులకిచ్చే డబ్బులో కోసేస్తాడు. నిజంగానే అలా అమ్మే డ్రైవర్లున్నారు, కాదనను. కానీ అమ్మనోడికి కూడా కోతే.

ఇవన్నీ ఒకెత్తు, బంకుది ఒకెత్తు. 2020 సెప్టెంబర్‌లో సైబరాబాద్ పోలీసులు పట్టుకున్న ముఠా గుర్తుందా, మెషిన్లలో చిప్ పెట్టి లీటర్‌కి 970 మిల్లీలీటర్లే పోసేవాళ్ళు, రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి 33 బంకులు సీజ్ చేశారు. ఓ బంకు రోజుకి ఐదు వేల లీటర్లు అమ్ముతుందనుకోండి, లీటర్‌కి 30 మిల్లీలీటర్ల చొప్పున 150 లీటర్లు. 2022 నాటి 119 రేటులో రోజుకి పదిహేడు వేలకి పైనే, బాటిల్ పట్టుకుని సెల్లార్లో పాకక్కర్లేదు, పైపు కోయక్కర్లేదు, పైగా బంకు కుర్రాడు "జీరో చూసుకోండి సార్" అంటే మనమే తలూపి వస్తాం. మా గ్రూప్‌లో దీని మీద ఒక్క మెసేజ్ రాలేదు.

ప్రతి బంకులో తూనికలు కొలతల శాఖ ముద్రేసిన ఐదు లీటర్ల క్యాన్ ఉండాలి, అడిగితే అందులో పోసి చూపించాలి. మొన్న అడిగాను. కుర్రాడు మేనేజర్‌ని పిలిచాడు, ఆయన విసుక్కుంటూనే క్యాన్ తెచ్చి పోశాడు, కొలత కరెక్ట్‌గానే వచ్చింది. ఈలోపు వెనక క్యూలో వాళ్ళు హారన్లు, ఒకాయన హెల్మెట్ తీసి మరీ "మీ ఒక్కరికేనా సార్ పెట్రోల్" అన్నాడు.