గాడిదల్ని మోస్తున్న మనుషులు

స్పెయిన్ చిత్రకారుడు గోయా రాగి రేకుల మీద చెక్కి ముద్రించిన వ్యంగ్య చిత్రాల వరస ‘కాప్రిచోస్’. ఆ ప్రింట్లు మొత్తం 80. వాటిలో 42వది నాకు ప్రాణం. ఇద్దరు రైతులు నడుం వంచి చెరో గాడిదనూ వీపున మోస్తుంటారు. బరువంతా వీళ్లది, దర్జా అంతా గాడిదలది. పని చేసే పేదలే రాజ్యంలో పన్నుల భారమంతా మోస్తున్నారని పాత చేతిరాత వ్యాఖ్య ఒకటి ఈ బొమ్మకు అర్థం చెప్పింది. నిజానికి ఎవరూ చెప్పకపోయినా అర్థమయ్యే బొమ్మే.

నన్ను పట్టుకునేది మాత్రం ఆ బరువు. వట్టి గీతలతో అది రాదు. మైనం పూసిన రాగి రేకు మీద సూదితో గీసి ఆసిడ్‌లో పెడితే గీత పడుతుంది, ఆకారం వస్తుంది, అంతే. మసక, నీడ కావాలంటే అక్వాటింట్ చేయాలి. రేకు మీద రెజిన్ (చెట్టు జిగురు) పొడి చల్లి, వేడి చేసి అంటిస్తారు. ఆసిడ్ ఆ రేణువుల సందుల్లో రాగిని తింటుంది. ఎక్కువసేపు ఉంచితే ముదురు నలుపు, తక్కువసేపు ఉంచితే లేత బూడిద రంగు. తెల్లగా ఉండాల్సిన చోట ముందే వార్నిష్ పూసేస్తారు. ప్రింట్‌మేకింగ్ నేర్చుకునేటప్పుడు నాకు అన్నిటికంటే టెన్షన్ ఈ దశలోనే. ఇంకు పూసి ప్రెస్‌లో తీసేదాకా ఏం వచ్చిందో కంటికి కనబడదు.

గోయా ఆ మసకను రైతుల వెనక పరిచేశాడు. చెట్టు లేదు, ఇల్లు లేదు. వాళ్లు ఎక్కడికి పోతున్నారో తెలియదు, దించుకునే చోటూ లేదు. వెలుగు కావాల్సిన చోట రేకును బర్నిషర్‌తో రుద్ది నునుపు చేశాడు. ఇంత కోపాన్ని ఇంత ఓపికగా చెక్కిన మనిషి అప్పటికే చెవుడు వచ్చినవాడు, పైగా రాజుగారి ఆస్థాన చిత్రకారుడు.

1799 ఫిబ్రవరిలో మాడ్రిడ్‌లో, అత్తర్లూ మద్యమూ అమ్మే ఒక కొట్లో ఈ 80 ప్రింట్ల సెట్టును 320 రియాళ్లకు (రియాల్ అప్పటి స్పెయిన్ నాణెం) అమ్మకానికి పెట్టాడు. ఫలానా మనిషిని ఉద్దేశించి వేయలేదని ప్రకటనలోనే చెప్పుకున్నాడు. అయినా త్వరలోనే అమ్మకం ఆగిపోయింది. 1803లో రాగి రేకుల్నీ మిగిలిన సెట్లనీ రాజుకు ఇచ్చేశాడు. బదులుగా తన కొడుక్కి పింఛను దక్కింది.

ఆ రేకులతో ఆ తర్వాత కూడా చాలాసార్లు ముద్రించారు. అక్వాటింట్ గరుకు లోతు తక్కువ కాబట్టి గీతల కంటే ముందు అదే అరిగిపోతుంది. అలాంటి ప్రింట్లలో రైతులూ గాడిదలూ ఉంటారు గానీ చుట్టూ ఉన్న చీకటి పలచబడుతుంది. అందుకే ఈ బొమ్మను వెతికేవాళ్లు 1799 నాటి మొదటి ముద్రణ ప్రింటునే, పెద్ద సైజులో, చూడండి.