బల్గేరియా ఏడు, మన ఏడు: మా పని ఎంతవరకు వచ్చింది

మేం నలుగురం, అందరం పాతికేళ్ల లోపువాళ్లం. సత్యనారాయణపురంలో మృదంగంతో నేను, గుంటూరులో వయొలిన్ వాయించే అమ్మాయి, బల్గేరియాలో కవాల్ అనే పొడవాటి చెక్క వేణువు వాయించే కుర్రాడు, స్వీడన్‌లో ఫిడేలు అమ్మాయి. సంక్రాంతికి ఆ ఇద్దరూ బెజవాడ వస్తున్నారు. గాంధీనగర్‌లో చిన్న హాలు, గంట కచేరీ.

నేర్చుకునే పద్ధతి స్వీడన్ అమ్మాయి తెచ్చింది. అక్కడి ఫాలున్‌లో 1990లో మొదలైన ఎత్నో శిబిరాల్లో వేరువేరు దేశాల కుర్రాళ్లు నొటేషన్ లేకుండా ఒకరి పాట ఒకరికి చెవితోనే నేర్పుకుంటారు. గురువుగారి ఎదుట కూర్చుని నేర్చుకున్న మాకు ఇదేమీ కొత్త కాదు.

అందరం ఆధారంగా పెట్టుకునే స్వరం, అంటే శ్రుతి విషయంలో పెద్ద చర్చ లేదు. బల్గేరియా కుర్రాడి కవాల్ పాశ్చాత్య స్వరం డి లో ఉంది, అంటే మన రెండు శ్రుతి. దాన్ని మార్చలేం కాబట్టి అందరం అక్కడికే వచ్చాం. అంతకంటే అర మెట్టు కిందున్న ఒకటిన్నరకి అలవాటైన నా వలంతలను (మృదంగం కుడి ముఖాన్ని) బిగించాల్సి వచ్చింది. వానాకాలంలో చర్మం తేమ పీల్చి శ్రుతి దిగిపోతుంది కాబట్టి రికార్డింగుకి ముందు మళ్లీ బిగించే రాయి, పుల్ల పట్టుకోవడం తప్పదు. తొప్పికి (ఎడమ ముఖానికి) పెట్టే రవ్వ ముద్ద కోసం డబ్బా ఖాళీ చేస్తున్నానని అమ్మ గొడవ వేరే.

నెట్‌లో నలుగురం ఒకేసారి వాయించే ఆలోచన మానేశాం. బెజవాడ నుంచి సోఫియాకి సుమారు 6,000 కిలోమీటర్లు. ఫైబర్‌లో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. తిన్నగా తీగ లాగినా చేరడానికే 30 మిల్లీసెకన్లు. తీగలు తిన్నగా ఉండవు, పైగా వీడియో కాల్ తన వంతు ఆలస్యం కలుపుతుంది. మాటలకు ఫర్వాలేదు గానీ తాళం నిలవదు. అందుకే ఒకరి ట్రాక్ మీద ఇంకొకరం రికార్డు చేసి పంపుకుంటున్నాం: 48 కిలోహెర్ట్జ్, వేవ్ ఫైలు, ముందు రెండు ఆవర్తనాలు (తాళం పూర్తి చుట్లు) పాట లేకుండా వట్టి చప్పట్లు. కాల్‌లో వాయించి చూపించాలంటే నాయిస్ సప్రెషన్ తీసేయాలి, లేకపోతే మృదంగాన్ని రొదనుకుని మింగేస్తుంది. నేను తెల్లవారుజామున ఫ్యాన్ కట్టేసి రికార్డు చేస్తాను. బెజవాడ ఉక్కలో అది చిన్న త్యాగం కాదు.

అసలు మజా తాళంలో ఉంది. బల్గేరియా రాచెనిత్సా నాట్యానికి ఏడు అక్షరాలు (తాళంలో లెక్కపెట్టే దెబ్బలు), మన మిశ్రచాపు తాళానికీ ఏడే. కానీ మనది 3+2+2, వాళ్లది 2+2+3. నేను తకిట తక దిమి అంటే అతను తక దిమి తకిట అంటాడు. నా నడక మార్చుకుని వాయించవచ్చు, కానీ అప్పుడు అది మిశ్రచాపులా వినబడదు. చివరికి వాళ్ల పాటకి మన పద్ధతిలో ఎత్తుగడ పెట్టాం: నా సమం (ఆవర్తనంలో మొదటి అక్షరం) నుంచి మూడు అక్షరాలు వదిలి, నాలుగో అక్షరం మీద పాట మొదలు. అప్పుడు నా 'తకిట' సరిగ్గా వాళ్ల పొడుగు దెబ్బ మీద పడుతుంది. ఇద్దరి లెక్కా చెక్కుచెదరలేదు.

ముక్తాయింపు, అంటే మూడుసార్లు వాయించి ముగించే వరస కూడా దానికి తగ్గట్టే కట్టాను. 'తకిట తదిగిణతోం' ఎనిమిది అక్షరాలు. సమం నుంచి మూడుసార్లు వాయిస్తే ఇరవై నాలుగు, అంటే మూడు ఆవర్తనాలు పోగా మూడు అక్షరాలు మిగులు. సూటిగా పాట ఎత్తుగడలోకే దిగుతుంది. ఆ ట్రాక్ విన్నాక బల్గేరియా కుర్రాడు పంపిన వాయిస్ మెసేజ్‌లో మాటల్లేవు, కేకలే.

రాగం దగ్గర కొంచెం సర్దుకున్నాం. ఆ పాట స్వరాలు దాదాపు మన ఖరహరప్రియ రాగానివే. కానీ గుంటూరమ్మాయి గాంధారాన్ని ('గ' స్వరాన్ని) ఊపితే కవాల్ నిలకడగా పట్టే స్వరంతో గీసుకుంటోంది. ఇద్దరూ కలిసి వాయించేచోట గమకం, అంటే ఆ ఊపు, లేదు, ఆమె ఒక్కతే వాయించేటప్పుడు ఎంతైనా ఊపుకోవచ్చు. నాకైతే ఆ ఒంటరి భాగమే పాట మొత్తంలో బాగుంది.

అక్టోబరు ఆఖరి ఆదివారం వాళ్ల గడియారాలు గంట వెనక్కి వెళ్తాయి. బల్గేరియాతో తేడా మూడున్నర గంటలు, స్వీడన్‌తో నాలుగున్నర అవుతుంది. కాల్ రాత్రి తొమ్మిదికి జరుపుకున్నాం.

మిగిలింది పోల్స్కా అనే స్వీడన్ నాట్యపు పాట. మూడు దెబ్బలే, కానీ ఆమె ఊరి బాణీలో మూడూ సమానంగా ఉండవు, క్లిక్ (సమానంగా కొట్టే లెక్క శబ్దం) పెడితే పాట చచ్చిపోతుంది. క్లిక్ లేకుండా ఆమె కాలితో తట్టిన ట్రాక్ పంపమన్నాను. వచ్చాక ముందు తొప్పి మీద గుంకీలతోనే (లోతుగా జారే నాదాలతోనే) వెంట వెళ్లి చూస్తాను.