మిగిలిన గోలీలు

2021 మార్చిలో నాకు ఎడమ రొమ్ములో క్యాన్సర్ బయటపడింది. శస్త్రచికిత్స, కీమో, రేడియేషన్ కలిసి పది నెలలు పట్టాయి. ఆ కాలమంతా హన్మకొండలోని మా ఇల్లు చుట్టాలతో నిండి ఉండేది, కాజీపేటలో హైదరాబాదు రైలెక్కిన ప్రతిసారీ ఎవరో ఒకరు నా సంచి అందుకునేవారు. రేడియేషన్ ముగిసిన రోజున డాక్టరుగారు లెట్రోజోల్ 2.5 మిల్లీగ్రాముల మాత్ర రాసి, రోజుకొకటి చొప్పున ఐదేళ్ళు వాడమన్నారు. దాన్ని మా ఇంట్లో ఎవరూ చికిత్స కింద లెక్కపెట్టలేదు. "అన్నీ అయిపోయినయి గద వదినా, ఇగ ఈ గోలీలెందుకు?" అని మా ఆడబిడ్డ అడిగితే నేనూ నవ్వి ఊరుకున్నాను.

మూడు నెలలు తిరగకముందే పొద్దున లేస్తూనే వేళ్ళు ముడుచుకోవడం మానేశాయి. బడిలో బోర్డు మీద సుద్దముక్క నిలిచేది కాదు. రాత్రుళ్ళు మెడ నుంచి ఆవిర్లు లేచి, చెమటతో జాకెట్టు తడిసి మెలకువ వచ్చేది. వీటితో పాటు మా ఆయనకు కూడా సరిగ్గా చెప్పుకోలేకపోయిన ఇబ్బంది ఇంకొకటి ఉండేది. యోని పొడిబారి కలయిక నరకమైపోయింది, మగ డాక్టరు ముందు ఆ మాట ఎత్తడానికి నాకు నోరు రాలేదు. ఆ ఏడు సద్దుల బతుకమ్మకు గునుగు కాడలు సమంగా కత్తిరించి కట్టలు కట్టడం నా చేత కాలేదు. నలభై ఏళ్ళుగా నా చేతి మీదుగా పేరుస్తున్న బతుకమ్మను మా కోడలు పేరుస్తుంటే, తాంబాళం పక్కన కూర్చుని చూశాను. ఆ మర్నాటి నుంచి మాత్ర వేసుకోలేదు.

మరిచిపోయి మానలేదన్నది స్పష్టంగా రాయాలి. క్యాన్సర్ నా ఒంట్లో ఎన్నడూ నొప్పి పెట్టలేదు, స్నానం చేస్తుంటే చేతికి తగిలిన గడ్డ మాత్రమే. నొప్పి పెట్టింది మందే. మానిన కొన్ని వారాలకు వేళ్ళు వదులయ్యాయి, నిద్ర పట్టింది, ఆరోగ్యం తిరిగి వచ్చిందనుకున్నాను. చెకప్‌లో "మందులు వాడుతున్నారా?" అని అడిగితే "వాడుతున్నానండీ" అన్నాను. అంత సాయం చేసినవారి ముందు కాదనడం కృతఘ్నత అనిపించింది, పైగా బయట వరుసలో యాభై మంది ఉన్నారు.

నాలుగు నెలల తర్వాత అక్కడి నర్సు వేరే విధంగా అడిగింది: "ఇంట్ల ఎన్ని గోలీలు మిగిలినయమ్మా?" దానికి అబద్ధం సిద్ధంగా లేదు. లెక్క చెప్పి ఏడ్చాను.

ముట్లుడిగిన తర్వాత కూడా కొవ్వు, కండరాల వంటి కణజాలాల్లో ఈస్ట్రోజెన్ కొద్దికొద్దిగా తయారవుతూనే ఉంటుందని, నా గడ్డ ఆ హార్మోన్ మీద పెరిగే రకమని, ఈ మాత్ర ఆ తయారీని ఆపుతుందని, ఈ రకం జబ్బు ఐదేళ్ళు దాటాక కూడా తిరగబెట్టవచ్చని డాక్టరుగారు ఆ రోజు కూర్చోబెట్టి చెప్పారు. ఇదే మాట మొదటి రోజున చెప్పి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ కొంచెం కోపమే. నొప్పి నా భ్రమ కాదని, ఈ మందు వాడేవారిలో కీళ్ళ నొప్పులు మామూలేనని విన్నప్పుడు మాత్రం సగం భారం దిగింది. ఎముకల సాంద్రత పరీక్ష చేయించి కాల్షియం, విటమిన్ డి రాశారు. లెట్రోజోల్ బదులు ఎక్సిమెస్టేన్ 25 మిల్లీగ్రాములు, అన్నం తిన్నాక వేసుకోమన్నారు. చెప్పుకోలేని ఆ ఇబ్బందికి హార్మోన్ లేని జెల్ ఉందని నర్సు చెవిలో చెప్పింది. పొద్దున్నే భద్రకాళి చెరువు కట్ట మీద నడవడం మొదలుపెట్టాను. ఇప్పటికీ మొదటి పావుగంట మోకాళ్ళు మొరాయిస్తాయి, ఆ తర్వాత దారికొస్తాయి.

మొన్నటి చెకప్‌లో నర్సు మళ్ళీ అదే ప్రశ్న అడిగింది. రెండు మిగిలాయన్నాను. ఒకటి పరకాలలో పెళ్ళికి పోయిన రోజుది, రెండోది ఏ రోజుదో గుర్తు లేదని చెబితే, ఆమె అలాగే రాసుకుంది.