ఏప్రిల్‌లో పెద్దమ్మ చేతిలోంచి గ్లాసు జారిన రోజు

2020 ఏప్రిల్ చివర్లో ఒక పొద్దున మా పెద్దమ్మ చేతిలోంచి గ్లాసు జారిపోయింది. మాట ముద్దముద్దగా వచ్చింది, మూతి ఒక పక్కకి లాగినట్టు కనిపించింది, పదిహేను నిమిషాల్లో అంతా మామూలైపోయింది. "హాస్పిటల్‌కి వెళ్దాం పెద్దమ్మా" అంటే "వద్దురా నాన్నా, తగ్గిపోయిందిగా, అక్కడికి పోతే లేని రోగం అంటుకుంటుంది" అంది. నేనూ పట్టుబట్టలేదు. ఆ రోజుల్లో నాకు పక్షవాతం కంటే కరోనా అంటేనే ఎక్కువ టెన్షన్.

అలా ఇంట్లోనే ఉండిపోయింది మేం మాత్రమే కాదని తర్వాత తెలిసింది. 70 దేశాల్లోని 457 స్ట్రోక్ (పక్షవాతం) సెంటర్ల లెక్కలు తీసిన ఒక అధ్యయనం 2021లో వచ్చింది. మహమ్మారికి ముందు నాలుగు నెలల్లో అక్కడ 91,373 మంది స్ట్రోక్‌తో చేరితే, 2020 మార్చి నుంచి జూన్ దాకా చేరింది 80,894 మందే. 11.5 శాతం తక్కువ. రక్తం గడ్డని కరిగించే ఇంజెక్షన్ పడినవాళ్ళు 13.2 శాతం తగ్గారు.

మరి స్ట్రోకులే తగ్గాయా? నాకు నమ్మబుద్ధి కాదు, ఎందుకంటే ఆ వైరస్ వల్లే రక్తం గడ్డకట్టే ముప్పు పెరిగింది. న్యూయార్క్‌లో రెండు వారాల్లో 50 ఏళ్ళు కూడా నిండని ఐదుగురు కరోనా పేషెంట్లు మెదడులో పెద్ద రక్తనాళం మూసుకుపోయి ఒకే ఆసుపత్రి వ్యవస్థకి వచ్చారు, అంతకుముందు అక్కడ ఆ వయసువాళ్ళు రెండు వారాలకి సగటున ఒక్కరు కూడా వచ్చేవారు కాదు. ఆ ఐదుగురిలో ఇద్దరు ఆసుపత్రి అంటే భయంతో అంబులెన్స్‌ని ఆలస్యంగా పిలిచారట. అది చదివినప్పుడు పెద్దమ్మ మాటే చెవిలో మోగింది.

గడ్డ అడ్డుపడిన మెదడులో నిమిషానికి దాదాపు 19 లక్షల నాడీకణాలు చచ్చిపోతాయి, ఆ ఇంజెక్షన్ మామూలుగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. హాంకాంగ్‌లో చూస్తే లక్షణాలు మొదలయ్యాక ఆసుపత్రి గుమ్మం చేరడానికే అంతకుముందు కంటే గంట దాకా ఎక్కువ పట్టింది. లోపలికి వెళ్ళాక పీపీఈ కిట్లు వేసుకోవడం, కరోనా ఉందేమో చూడటం, అదంతా అవసరమే, డాక్టర్లనీ నర్సులనీ నేను తప్పుపట్టను, ఆ పరిస్థితిలో వాళ్ళు పనిచేయడమే పెద్ద సంగతి. కానీ వాళ్ళని "మీకు ఇది అత్యవసరం, భయపడకుండా రండి" అని గట్టిగా చెప్పనివ్వాల్సింది. "ఇంట్లోనే ఉండండి" అని రోజుకి వందసార్లు విన్నాం, స్ట్రోక్ అయితే మాత్రం వెంటనే బయల్దేరాలని నేను ఒక్కసారి కూడా వినలేదు.

పెద్దమ్మకి ఆ పొద్దున వచ్చినదాన్ని డాక్టర్లు టీఐఏ అంటారు, అంటే మెదడుకి రక్తం కాసేపు అందక మళ్ళీ అందడం. దానంతటదే తగ్గిపోతుంది కాబట్టి జనం వదిలేస్తారు, కానీ ఆ తర్వాతి రోజుల్లోనే, ముఖ్యంగా మొదటి 48 గంటల్లో, అసలు స్ట్రోక్ వచ్చే ప్రమాదం ఎక్కువ. అప్పుడే మందులు మొదలుపెడితే చాలామందిలో దాన్ని ఆపొచ్చు.

జూన్‌లో ఒకరోజు ఆవిడ నిద్ర లేచేసరికి కుడి చెయ్యి, కాలు పడిపోయి ఉన్నాయి. ఎప్పుడు మొదలైందో తెలియదు కాబట్టి ఇంజెక్షన్ ఇవ్వలేమన్నారు.

అదే అధ్యయనంలో ఇంకో అంకె ఉంది: మార్చి, ఏప్రిల్ కంటే మే, జూన్‌లలో ఆసుపత్రికి వచ్చిన స్ట్రోక్ పేషెంట్లు 9.5 శాతం పెరిగారు. దాన్ని కోలుకోవడం అని రాశారు. మా పెద్దమ్మ ఆసుపత్రిలో చేరింది కూడా జూన్‌లోనే. ఏప్రిల్‌లో గ్లాసు జారిన పొద్దున మాత్రం ఏ లెక్కలోనూ లేదు.