చింటూ పిక్క పట్టుకున్న రోజు నుంచి

మా చింటూకు పన్నెండేళ్ళు. కొన్నప్పుడు పొమేరియన్ అని చెప్పి ఇచ్చారు గాని, మన ఊళ్ళలో ఆ పేరుతో పెరిగే తెల్లబొచ్చు కుక్కల్లో చాలా భాగం ఇండియన్ స్పిట్జ్ జాతివేనని, ఇదీ ఆ కోవలోదేనని తరువాత తెలిసింది. వచ్చినవారి మీద మొరగడమే తప్ప ఏనాడూ ఎవరికీ పన్ను తగిలించని ఈ ఎనిమిది కిలోల కుక్క, పోయిన శ్రావణమాసంలో ఒక ఉదయం గ్యాస్ సిలిండరు తెచ్చిన అబ్బాయి పిక్క పట్టుకుంది. ఆ ఉదయం కరిచే ముందు గుర్రుమనను కూడా లేదు. హాల్లో చాప మీద పడుకున్నది ఒక్క ఉదుటున లేచి కరిచింది.

గాయాన్ని ధారగా పడే కుళాయి నీటి కింద పెట్టించి, సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగించి, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాము. చింటూకు ఏటా రేబిస్ టీకా వేయిస్తున్నామని చెప్పినా డాక్టరుగారు ఆగకుండా సూదులు మొదలుపెట్టారు; కుక్కను పది రోజులపాటు కనిపెట్టి ఉండమన్నారు. పెంపుడు కుక్కే కదా, చిన్నదే కదా అని పసుపు రాసి పంపించే అలవాటు మన ఇళ్ళలో ఇంకా ఉన్నందువల్ల ఈ మాట ఇక్కడ రాస్తున్నాను. అతని ఖర్చు, పోయిన రోజుల కూలీ మేమే ఇచ్చాము. అది దయ కాదు, మా బాధ్యత. పెంచుకున్న జంతువు విషయంలో నిర్లక్ష్యంగా ఉండి మనిషి ప్రాణానికి, ఒంటికి ముప్పు తెచ్చిన యజమానికి భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షను కింద ఆరు నెలల వరకు జైలు గాని, 5,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు.

ఇరుగుపొరుగువారు ‘ముసలితనం, చాదస్తం’ అని తేల్చేశారు. మొదట చూపించిన చోట కూడా ఇంచుమించు అదే మాట చెప్పి పంపించారు. రెండవ పశువైద్యురాలు మాత్రం కుక్కను ముట్టుకునే ముందు నన్ను ఒక ప్రశ్న అడిగారు: ‘కాలింగ్ బెల్ మోగితే ఇప్పటికీ మొరుగుతున్నాడా?’ మొరగడం లేదు. ఆరేడు నెలలుగా బెల్ మోగినా కదలకుండా పడుకుంటుంటే, వయసుతో బుద్ధి వచ్చిందని మేము మురిసిపోయి, వచ్చినవారికి గొప్పగా చెప్పుకున్నాము కూడా. ఇంటికి వెళ్ళాక ఆవిడ చెప్పినట్టే, చింటూ నిద్రలో ఉండగా, గాలి గాని నేల అదురు గాని తగలనంత దూరంలో నిలబడి స్టీలు గరిటెతో పళ్ళెం మీద కొట్టాను. చెవి కూడా కదపలేదు. మాకు బెల్ మోగి, తలుపు తెరుచుకుని, మనిషి లోపలికి వస్తాడు. చింటూకు మాత్రం కళ్ళు తెరిచేసరికి రెండు కొత్త కాళ్ళు, ఒక ఎర్ర సిలిండరు నెత్తిమీద ఉన్నాయి.

చెవుడు ఒక్కటే అయితే కథ ఇంకొంచెం తేలికగా ఉండేది. చిన్న జాతి కుక్కలకు పళ్ళ జబ్బు ఎక్కువ. పై దవడలో మాంసం కోసే పెద్ద పన్ను గార కింద పుచ్చి, కుదురులో చీము పట్టి, ఎడమ కంటి కింద చిన్న వాపుగా తేలింది. బొచ్చులో అది మాకు కనబడలేదు. ఇంట్లోవాళ్ళం మెడ కిందా, వీపు మీదా నిమురుతామే గాని, ‘అబ్బ, ఎంత ముద్దుగా ఉన్నాడో’ అంటూ పైనుంచి వంగి చెంపలు పట్టుకునేది ఎప్పుడూ కొత్తవాళ్ళే. మాకు సాధువుగా, వాళ్ళకు రాక్షసుడిగా ఎందుకు కనబడ్డాడో అప్పుడు అర్థమైంది. రక్తపరీక్షలో మూత్రపిండాలు, కాలేయం, థైరాయిడ్ బాగున్నాయని చూసుకున్న తరువాతే మత్తు ఇచ్చి, నాలుగు పళ్ళు తీశారు. నొప్పికి బరువును బట్టి మెలోక్సికామ్ రాసి, మనం వేసుకునే పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ వంటివి సొంతంగా ఎన్నడూ వేయవద్దని గట్టిగా చెప్పారు. రాత్రిళ్ళు ఊరికే తిరుగుతున్నాడా, తలుపు తెరుచుకునే వైపు కాక బందుల వైపు వెళ్ళి నిలబడుతున్నాడా అని కూడా అడిగారు. ముసలి కుక్కలకు వచ్చే మతిమరుపుకు అవి గుర్తులట. చింటూలో అవి లేవు.

నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. కరవడానికి నెల ముందు, చుట్టపుచూపుగా వచ్చిన ఒకావిడ తల నిమరబోతే చింటూ పెదవి ఎత్తి గుర్రుమంది. పరువు పోయినట్టనిపించి, పేపరు చుట్టి నేల మీద కొట్టి గదమాయించాను. తరువాత రెండుసార్లు అలాగే చేశాను. గుర్రుమనడం ఆగింది గాని నొప్పి ఆగలేదు. ‘దగ్గరికి రావద్దు’ అని చెప్పడానికి దానికి ఉన్న ఒకే మాటను నేనే మాన్పించాను.

ఇప్పుడు తలుపు తీసే ముందు చింటూ పడకగదిలో ఉంటుంది, మినహాయింపులు లేవు. లేపవలసి వస్తే దూరం నుంచే పాదంతో నేల మీద రెండుసార్లు తడతాము, ఆ అదురుకు తల ఎత్తుతుంది. చుట్టాలు వస్తే ముందు వాళ్ళు కూర్చుంటారు, ఆ తరువాత తాడుతో తెచ్చి హాలు చివర నిలబెడతాను. వాళ్ళు దానివైపు చూడరు, చెయ్యి చాపరు. చింటూ వాళ్ళవైపు చూసినప్పుడల్లా ఉడికించిన కోడిమాంసం ముక్క నేనే వేస్తాను. ఎంత దూరంలో నిలపాలన్నది ఆ ముక్కే చెబుతుంది: తింటే ఆ దూరం చాలు, మాంసం ముట్టకుండా మనిషినే చూస్తుంటే ఇంకో నాలుగు అడుగులు వెనక్కి. బుట్టలా ఉండే మూతిచిక్కం కొని, లోపల పెరుగు రాసి నాకిస్తూ, తనంతట తానే మూతి పెట్టేవరకు మూడు వారాలు ఓపిక పట్టాను. బిగుతైన గుడ్డ చిక్కం పెడితే నోరు తెరిచి వగర్చలేదు, మన ఎండల్లో అది ప్రమాదం. చిన్నపిల్లలు వస్తే మాత్రం ఇవేవీ లేవు, గది తలుపు మూసే ఉంటుంది. ‘ముసలి కుక్కకు ఇంత రాజభోగమా’ అని మా పెద్దమ్మ నవ్వింది, నవ్వనిచ్చాను.

ఆరు నెలలైంది. చెవులు రావు, పూర్తిగా మారిందని నేను చెప్పను. మొన్న ఒకరి బూట్లవైపు చూసి గుర్రుమంటే, గదమాయించకుండా లోపలికి తీసుకువెళ్ళాను. గ్యాస్ అబ్బాయి ఇప్పటికీ అతనే వస్తున్నాడు. సిలిండరు భుజం మీదనుంచి దించకుండా గడప బయటే ఆగి, ‘చింటూ గదిలో ఉన్నాడా అమ్మా?’ అని అడుగుతాడు. నేను ఉన్నాడన్నా, గొళ్ళెం వైపు ఒకసారి తొంగి చూశాకే లోపలికి అడుగు పెడతాడు.