విశాఖ డాబా మీద సౌర డ్రైయర్: వేడి ఎక్కడ వృథా అవుతోంది?

విశాఖపట్నంలో ఎండకు కొదవ లేదు. అయినా ఒరుగులు, వడియాలు, మాగాయ ముక్కలు త్వరగా ఎండవు, ఎందుకంటే సముద్రపు గాలిలో తేమ ఎక్కువ. 30 డిగ్రీల వద్ద 80 శాతం తేమ ఉన్న గాలిని 45 డిగ్రీలకు వేడిచేస్తే, అందులోని నీటి ఆవిరి తగ్గకపోయినా సాపేక్ష తేమ (ఆ వేడి వద్ద గాలి పట్టగల ఆవిరిలో ఇప్పుడున్న వంతు) సుమారు 35 శాతానికి పడిపోతుంది, అప్పుడు ఆ గాలి ముక్కలోని తడిని బాగా లాగుతుంది. సౌర డ్రైయర్ చేసే పని ఇదే: అద్దం కింద నల్లరేకు ఉన్న పెట్టెలో ఎండతో గాలిని వేడిచేసి ముక్కల మీదుగా పంపడం.

పెట్టెలో థర్మామీటరు 70 డిగ్రీలు చూపితే చాలనుకునేవారితో నేను ఏకీభవించను. అద్దం లోపలివైపు నీటిబొట్లు కట్టి, తలుపు తీయగానే ఉడికిన మామిడికాయ వాసన వస్తోందంటే ఆవిరికి బయటపడే దారి లేదన్నమాట. పైగా అంత వేడికి ముక్క పైపొర ముందే బిగుసుకుని, లోపలి తడి లోపలే ఉండిపోతుంది.

అసలు కొలమానం పోయిన నీరు. మంచి వేసవి రోజున చదరపు మీటరుపై సుమారు 6 యూనిట్ల (కిలోవాట్-గంటల) సౌరశక్తి పడుతుంది. కిలో నీరు ఆవిరి కావడానికి యూనిట్‌లో మూడింట రెండు వంతులు కావాలి గనుక, ఆ ఎండ మొత్తం ఉపయోగపడితే 9 కిలోల నీరు పోవాలి. చదరపు మీటరు డ్రైయర్‌లో పళ్ళాలను ఉదయం, సాయంత్రం తూచినప్పుడు 2 కిలోలు తగ్గితే సామర్థ్యం 22 శాతం.

దీన్ని పెంచడానికి ముందుగా చూడవలసినది గాలి దారి. నల్లరేకుకూ అద్దానికీ మధ్య కాకుండా రేకు అడుగున గాలిని నడిపిస్తే, అద్దం గుండా పోయే వేడి తగ్గుతుంది. పైన నలుపు పూసిన పొడవాటి గొట్టం పెడితే ఫ్యాను లేకుండానే గాలి పైకి లాగబడుతుంది. రేకుకు మెరుపు లేని నలుపు రంగే వేయాలి. ఉప్పుగాలికి ఇనుపరేకు తుప్పు పడుతుంది గనుక అల్యూమినియం మేలు. అడుగున, పక్కల ఎండు కొబ్బరిపీచు దట్టంగా కూరవచ్చు; థర్మోకోల్ ఎక్కువ వేడికి మెత్తబడుతుంది.

వాలు విషయంలో మన అక్షాంశమైన 17.7 డిగ్రీలు, దక్షిణ ముఖంగా, ఏడాది పొడవునా సరిపోతుంది. అయితే మే రెండో వారంలో మధ్యాహ్న సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు కాబట్టి మామిడికాయల కాలంలో వాలును కొంత తగ్గించాలి.

ఎండ తగ్గగానే పై ద్వారాన్నీ కింది ద్వారాన్నీ మూసివేయండి. లేకపోతే పగలు పోయిన తడిలో కొంత రాత్రి గాలితో తిరిగి చేరుతుంది; ఉప్పు తేమను లాక్కుంటుంది గనుక మాగాయ ముక్కలకు ఈ జాగ్రత్త మరింత అవసరం.